గ్రంథాలయాలను ఒకటిగా కలపాలన్న రంగనాథన్: మద్రాసు నుంచి బస్తర్ దాకా

(ఆగస్టు 12 జాతీయ గ్రంథపాలకుల దినోత్సవం సందర్భంగా)

జగదల్‌పూర్: బస్తర్ గురించి వెలువడిన ముఖ్యమైన గ్రంథాలు బస్తర్‌లో కంటే బయటే ఎక్కువగా దొరుకుతాయి. మడియా గోండుల జీవితంపై గ్రిగ్సన్ 1938లో వెలువరించిన పుస్తకమైనా, మురియాల ఘోటుల్ వ్యవస్థపై వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన గ్రంథమైనా, బార్సూర్‌లో వెలుగుచూసిన తెలుగు శాసనంపై పండితులు రాసిన వ్యాసాలైనా దూరనగరాల పెద్ద గ్రంథాలయాల అరలలోనే నిలిచాయి. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రాన్ని మించినది. అయినా 2008 వరకు అక్కడ విశ్వవిద్యాలయం లేదు. తన ఊరి చరిత్ర చదవడానికి ఊరు విడిచి వెళ్లవలసిన ఇలాంటి పాఠకుని కోసమే తన జీవితంలో దాదాపు అర్ధశతాబ్దం వెచ్చించిన వ్యక్తి షియాలి రామామృత రంగనాథన్. ఒక గ్రంథాలయంలో లేనిది మరొకదాని నుంచి పాఠకునికి అందాలని, అందుకు ముందు ఏది ఎక్కడ ఉందో తెలిపే ఉమ్మడి జాబితా ఉండాలని ఆయన పట్టుబట్టారు. నేడు విశ్వవిద్యాలయాలూ కళాశాలలూ కన్సార్షియంలుగా ఏర్పడి పత్రికలను, పుస్తకాలను ఉమ్మడిగా పొందుతున్న పద్ధతికి భారతదేశంలో మూలాలు వెదికితే ఆయన వద్దకే చేరుకుంటాం.

రంగనాథన్ 1892 ఆగస్టులో తంజావూరు జిల్లా శీర్కాళిలో జన్మించారు. ఆ ఊరిని అప్పట్లో షియాలి అని రాసేవారు. ఆరేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. బాల్యం నుంచి మాట తడబడే ఇబ్బంది ఉన్నా దానిని జయించి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎడ్వర్డ్ రాస్ వద్ద గణితం అభ్యసించారు. గురువుపై ఆయనకున్న భక్తి జీవితాంతం చెక్కుచెదరలేదు. 1917లో మంగళూరు ప్రభుత్వ కళాశాలలో గణిత అధ్యాపకునిగా చేరి, కోయంబత్తూరు మీదుగా మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు చేరుకున్నారు. అప్పటికి ఆయనకు గ్రంథాలయ వృత్తితో ఎటువంటి సంబంధమూ లేదు.

మద్రాసు విశ్వవిద్యాలయం తొలిసారిగా గ్రంథపాలకుని పదవిని ఏర్పాటు చేసినప్పుడు మెరుగైన జీతం చూసి, మిత్రుల ప్రోద్బలంతో ఆయన దరఖాస్తు చేశారు. ముఖాముఖికి కొద్ది రోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో గ్రంథాలయాలపై ఉన్న వ్యాసం చదవడమే ఆయన చేసిన సన్నాహమంతా అని చెబుతారు. పోటీపడిన ఇతరులకు ఆ మాత్రం పరిచయం కూడా లేకపోవడం వల్ల ఉద్యోగం ఆయనకే దక్కింది. 1924 జనవరిలో బాధ్యతలు స్వీకరించారు. తరగతి గది సందడికి అలవాటుపడిన మనిషికి ఆ నిశ్శబ్దం భరింపరానిదైంది. తనను తిరిగి తీసుకోవలసిందిగా ప్రెసిడెన్సీ కళాశాల ప్రిన్సిపాల్‌ను ఆశ్రయించారు. ముందు లండన్ వెళ్లి గ్రంథాలయ విద్య చదివి రావాలని, అప్పటికీ మనసు మారకపోతే పాత ఉద్యోగం ఇస్తానని ఆయన షరతు పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో రంగనాథన్ ఇంగ్లండు వెళ్లారు. తిరిగి వచ్చిన తరువాత ప్రెసిడెన్సీ కళాశాల ప్రస్తావన ఆయన నోట వినబడలేదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ ఆయనకు గురువు. తరగతి పాఠాలకంటే ఊరూరా తిరిగి చూసిన గ్రంథాలయాలే ఆయనకు ఎక్కువ నేర్పాయి. నూటికి పైగా గ్రంథాలయాలను ఆయన పరిశీలించారు. కార్మికులు, గృహిణులు, పిల్లలు అందరూ పుస్తకాలు తీసుకుపోతున్న దృశ్యం ఆయనకు కొత్త. అయితే ఒకే పుస్తకాన్ని ఒక్కో గ్రంథాలయం ఒక్కో విధంగా వర్గీకరించుకోవడం ఆయనలోని గణితజ్ఞునికి రుచించలేదు. ఒక దుకాణంలో చిన్న చిన్న లోహపు ముక్కలను బిగించి రకరకాల బొమ్మలు తయారు చేసే మెకానో ఆటవస్తువు ఆయన దృష్టిని ఆకర్షించింది. విషయాలను కూడా అలాగే విడి అంశాలుగా విడదీసి మళ్లీ కూర్చవచ్చునన్న ఆలోచన అక్కడే అంకురించింది. తిరుగు ప్రయాణంలో ఓడలోని గ్రంథాలయం పుస్తకాలపైనే ఆ ఆలోచనను పరీక్షించి చూసుకున్నారు. 1933లో అది కోలన్ వర్గీకరణగా గ్రంథరూపం ధరించింది.

1925లో ఆయన మద్రాసు చేరేనాటికి తెలుగు జిల్లాల కళాశాలలు కూడా మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గాని ఏర్పడలేదు. కాబట్టి ఆయన సంస్కరించిన గ్రంథాలయం కొంతకాలం ఆంధ్రులది కూడా. పాఠకులు అరల మధ్యకు వెళ్లి స్వయంగా పుస్తకాలు చూసుకునే వీలు కల్పించారు. పనివేళలు పెంచారు. అడిగిన సమాచారం వెదికిపెట్టే సిబ్బందిని నియమించారు. ఇంటికి పుస్తకం పంపే ఏర్పాటు చేశారు. తాను మాత్రం సెలవన్నది ఎరుగకుండా పనిచేశారు. గ్రంథాలయం తన ఇల్లేనన్న భావంతో అందులో చెప్పులు లేకుండా తిరిగేవారట. ఈ నిష్ఠకు ఇంటివారు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. 1928లో మొదటి భార్య రుక్మిణి తిరువల్లిక్కేణి పార్థసారథి ఆలయ కోనేటిలో జారిపడి మరణించారు. మరుసటి ఏడాది ఆయన శారదను వివాహమాడారు. రంగనాథన్ జీవితాన్ని ఆరాధనాభావంతో చెప్పేవారు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటవేయడం కద్దు. ఆ సంవత్సరమే మద్రాసు గ్రంథాలయ సంఘం ఆవిర్భవించింది. గురువు రాస్‌తో జరిగిన సంభాషణలో గ్రంథాలయ శాస్త్రానికి మూలసూత్రాలు స్ఫురించినదీ ఆ సంవత్సరమే.

1931లో వెలువడిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన రచన. పుస్తకం దాచుకునే ఆస్తి కాదని, చదివేందుకు ఉన్నదని మొదటి సూత్రం ఎవరికైనా సులువుగానే తోచవచ్చు. చిక్కంతా తరువాతి రెండింటిలో ఉంది. పాఠకుడు ఎవరైనా అతనికి కావలసిన పుస్తకం అందాలి, పుస్తకం ఏదైనా దానిని చదివేవారు దానికి దొరకాలి అన్నారాయన. ఈ రెండింటినీ అక్షరాలా ఆచరించదలిస్తే ప్రపంచంలో ఏ గ్రంథాలయమూ తన సొంత సంపదతో నిలబడలేదు. ఎంత ధనమున్న విశ్వవిద్యాలయమైనా అచ్చయిన ప్రతి పత్రికనూ కొనలేదు. అందువల్ల ఇరుగుపొరుగు గ్రంథాలయాలు కొనుగోలుకు ముందే మాట్లాడుకోవాలని, ఒకరు కొన్న అరుదైన పత్రికను రెండవవారు కొనకుండా ఆ డబ్బుతో మరొకటి తెప్పించుకోవాలని ఆయన బోధించారు. అరుదుగా వాడే పాత పుస్తకాలను ప్రతిచోటా అరలు నింపి ఉంచుకోవడం వృథా అని, వాటిని ఒకచోట ఉమ్మడిగా భద్రపరచాలని సూచించారు. సహకారం ఆయన దృష్టిలో దానం కాదు. పాఠకుని హక్కు నుంచి పుట్టిన లెక్క.

ఆ హక్కును ఊళ్లకు చేర్చే ప్రయత్నాలు అప్పటికే సాగుతున్నాయి. 1931లో మన్నార్‌గుడి పరిసర గ్రామాలకు ఎద్దుబండిపై పుస్తకాలు వెళ్లాయి. 1935లో తెనాలి ప్రాంతపు కాలువల్లో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపించారు. అంతకుముందే, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలను సమావేశపరచి ఒక సంఘంగా కూర్చారు. ఊరూరా ఒంటరిగా వెలసిన పఠన మందిరాలను ఒక తాటిపైకి తేవడంలో ఆంధ్రదేశం రంగనాథన్ కంటే ఒక అడుగు ముందే ఉన్నది. ఆయన చేర్చింది శాస్త్రాన్ని, చట్టాన్ని.

1945లో మద్రాసు విడిచి ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ సుమారు లక్ష పుస్తకాలను దాదాపు ఒంటిచేతితో రెండేళ్లలో వర్గీకరించి సూచిక తయారు చేశారు. వినేవారికి అబ్బురం కలిగించే శ్రమే. కాని అవే పుస్తకాలలో అధికభాగం మరో పది విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నాయి, అక్కడా ఎవరో ఒకరు ఇదే చాకిరీ మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే. ఈ వృథాను ఆయన కంటే బాగా ఎరిగినవారు లేరు. పుస్తకం మార్కెట్లోకి రాకముందే ఒక కేంద్రంలో వర్గీకరణ, సూచీకరణ పూర్తిచేసి ఆ వివరాలను పుస్తకంతోపాటే గ్రంథాలయాలన్నింటికీ అందించాలన్నది ఆయన సూచన. దానికి ప్రసవపూర్వ సూచీకరణ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అమెరికాలో కాంగ్రెస్ గ్రంథాలయం ఇటువంటి పద్ధతిని 1971లో ప్రారంభించింది. ఒహాయో రాష్ట్రంలో 54 కళాశాలలు కలిసి ఉమ్మడి సూచీకరణ కోసం 1967లో ఒక కేంద్రాన్ని నెలకొల్పాయి. ఓసీఎల్‌సీ పేరుతో నేడు ప్రపంచమంతటా విస్తరించినది అదే.

1947లో మారిస్ గ్వయర్ ఆహ్వానంపై ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేరిన నాటి నుంచి ఆయన ఆలోచనలు దేశవ్యాప్త ప్రణాళికలుగా మారాయి. ఆయన కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ఇళ్ల పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు కావడానికి ఆధారం ఆ చట్టమే. 1950లో ఆయన దేశం మొత్తానికి ముప్ఫై ఏళ్ల గ్రంథాలయాభివృద్ధి ప్రణాళికను, కేంద్రానికీ రాష్ట్రాలకూ నమూనా బిల్లులతో సహా రూపొందించారు. జాతీయ గ్రంథాలయం మొదలు గ్రామం వరకు అన్నీ ఒకే అల్లికలో ఉండాలన్నది దాని సారాంశం. ఆ ప్రణాళిక కాగితాలపైనే మిగిలింది. 1948లో భారత యూనియన్‌లో విలీనమైన బస్తర్ సంస్థానం మొదట మధ్యపరగణాల్లో, తరువాత మధ్యప్రదేశ్‌లో భాగమైంది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడే వరకు మధ్యప్రదేశ్‌లో గ్రంథాలయ చట్టం రానేలేదు.

కాగితం దాటి నిలిచినది మరొకటుంది. యునెస్కో తోడ్పాటుతో 1952లో ఢిల్లీలో ఇన్‌స్‌డాక్ అనే శాస్త్ర సమాచార కేంద్రం ఏర్పడింది. దాని వెనుక రంగనాథన్ ఆలోచన ఉన్నది. పరిశోధకుడు కోరిన వ్యాసం ఏ గ్రంథాలయంలో ఉన్నా దాని ప్రతి తీసి పంపడం ఆ కేంద్రం పని. 1953లో ఆయన సహచరులతో కలిసి దక్షిణాసియాలోని విద్వత్పత్రికల సమైక్య సూచిక తొలి సంపుటాన్ని వెలువరించారు. భౌతిక, జీవశాస్త్రాల పత్రికల్లో ఏది ఏ గ్రంథాలయంలో ఉన్నదో అందులో పొందుపరచారు. పంచసూత్రాలకు దక్కిన కీర్తిలో నూరవ వంతు కూడా ఈ పొడి జాబితాకు దక్కలేదు. కాని ఆయన రచనల్లో నేటి కన్సార్షియంలకు అత్యంత దగ్గరి బంధువు ఇదే. పొరుగువాని ఇంట ఏమున్నదో తెలియకుండా అరువు అడగడం సాధ్యం కాదు.

కొంతకాలం స్విట్జర్లండ్‌లోని జూరిచ్‌లో గడిపారు. 1956లో జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేరు జోడించి గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠాన్ని నెలకొల్పారు. మరుసటి సంవత్సరం పద్మశ్రీ వచ్చింది. 1957 నుంచి 1959 వరకు ఉజ్జయినిలోని విక్రమ్ విశ్వవిద్యాలయంలో బోధించారు. అంటే ఆ రెండేళ్లూ ఆయన నివసించినది బస్తర్ ఉన్న రాష్ట్రంలోనే. ఉజ్జయిని ఆ రాష్ట్రానికి పడమటి కొస, బస్తర్ ఆగ్నేయపు కొస. అదే కాలంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమించిన గ్రంథాలయ సంఘానికి అధ్యక్షత వహించారు. విద్యార్థికి తలకు 15 రూపాయలు, అధ్యాపకునికి 200 రూపాయల చొప్పున పుస్తకాలకు నిధులు కేటాయించాలని ఆ సంఘం సిఫారసు చేసింది. గ్రంథపాలకులకు అధ్యాపకులతో సమాన హోదా కావాలని కోరింది. జీతాల వాదనగా కనిపించే ఈ కోరికలోనే అసలు కీలకమున్నది. పక్క విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదుర్చుకునే అధికారం, గౌరవం లేని గ్రంథపాలకుడు సహకారం గురించి ఎంత చదివినా చేయగలిగేది స్వల్పం.

1962లో బెంగళూరులో భారత గణాంక సంస్థ ఆధ్వర్యంలో ప్రలేఖన పరిశోధన, శిక్షణ కేంద్రం ఆయన నాయకత్వంలో ప్రారంభమైంది. 1965లో ప్రభుత్వం ఆయనను జాతీయ పరిశోధనాచార్యునిగా గౌరవించింది. 1972 సెప్టెంబరు 27న ఆ నగరంలోనే కన్నుమూశారు. అప్పటికి రాయ్‌పూర్‌లో విశ్వవిద్యాలయం వెలసి ఎనిమిదేళ్లు. బస్తర్ కళాశాలలు దాని పరిధిలో ఉండేవి.

ఆయన మరణానంతరం ఆయన సృష్టులకు భిన్నమైన గతులు పట్టాయి. ప్రాణంలా చూసుకున్న కోలన్ వర్గీకరణను నేడు దేశంలోనే కొద్ది గ్రంథాలయాలు వాడుతున్నాయి. అధికభాగం అమెరికన్ డ్యూయీ దశాంశ పద్ధతినే ఆశ్రయించాయి. ఉమ్మడి సూచిక మాత్రం కంప్యూటర్ రాకతో జీవం పోసుకున్నది. 1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇన్‌ఫ్లిబ్‌నెట్ పథకాన్ని చేపట్టగా, 1996లో అది స్వతంత్ర కేంద్రమైంది. విశ్వవిద్యాలయాల పుస్తక వివరాలన్నీ ఒకేచోట వెదికే సూచికను ఆ కేంద్రం రూపొందించింది. గ్రంథాలయాల కంప్యూటరీకరణకు సాఫ్ట్‌వేర్ అందించింది. 2003 చివరలో విశ్వవిద్యాలయాలకు ఈ-పత్రికల కన్సార్షియం ఆరంభమైంది. కళాశాలల కోసం 2010లో ఎన్-లిస్ట్ వచ్చింది. 2015లో ఇవన్నీ ఈ-శోధ్‌సింధులో కలిశాయి.

దీని పనితీరు సరళం. ప్రతి సంస్థ విడివిడిగా ప్రచురణకర్తను బతిమాలుకునే బదులు అందరి తరఫున ఒకే కేంద్రం బేరమాడుతుంది. చందా ఒకచోట చెల్లించబడుతుంది, సభ్యసంస్థల పాఠకులు తమ గుర్తింపుతో ప్రవేశించి చదువుకుంటారు. ఏటా 5,000 రూపాయల స్వల్ప రుసుముతో ఎన్-లిస్ట్ కళాశాలలకు 6,000కు పైగా పత్రికలను, లక్షకు మించిన ఈ-పుస్తకాలను అందుబాటులోకి తెచ్చింది. ఆ సొమ్ముకు విడిగా ఒక్క విదేశీ పత్రిక చందా కూడా రావడం కష్టం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఒకే దేశం-ఒకే చందా పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు చేరేలా దానిని రూపొందించారు. నిర్వహణ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే.

జగదల్‌పూర్‌లో 2008లో ఏర్పడిన బస్తర్ విశ్వవిద్యాలయం నేడు షహీద్ మహేంద్ర కర్మ పేరు ధరించింది. అదే పట్టణంలోని ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల పేరు కాకతీయ. ఓరుగల్లు పతనానంతరం అన్నమదేవుడు వచ్చి స్థాపించాడని స్థానిక సంప్రదాయం చెప్పే రాజవంశానికి అది స్మారకం. ఇటువంటి ప్రభుత్వ సంస్థల విద్యార్థి ఢిల్లీ విద్యార్థి చదివే పత్రికనే అదే రోజున తెరవగలగాలన్నది ఉమ్మడి చందా ఉద్దేశం. విద్యుత్తు, అంతర్జాల సంకేతం, వాటిని ఎలా వాడాలో చూపించే గ్రంథపాలకుడు, ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ హక్కు తెరపైకి రాదు. అరల మధ్యకు పాఠకుని రానిచ్చినంత మాత్రాన సరిపోదని, పక్కన నిలబడి సాయం చేసే మనిషి కావాలని రంగనాథన్ మద్రాసులో సిబ్బందిని నియమించిన కారణం ఇదే.

మరొక వెలితి కూడా ఉంది. ఉమ్మడిగా కొన్న పత్రికల్లో అత్యధికం ఆంగ్లంలోనివి. హల్బీ, గోండీ, భత్రీ, దోర్లీ భాషల్లో అచ్చయిన చిన్న పుస్తకాలు, బస్తర్ సంస్థానపు పాత కాగితాలు, స్థానిక పరిశోధకుల సిద్ధాంత వ్యాసాలు ఏ అంతర్జాతీయ సంస్థ అమ్మే సరుకూ కాదు. సిద్ధాంత వ్యాసాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధ్‌గంగ నిధి చోటు కల్పిస్తున్నది. మిగిలినవి ఏ ఇంట, ఏ కళాశాల బీరువాలో ఉన్నాయో ముందుగా స్థానికంగానే నమోదు కావాలి. 1953 నాటి సమైక్య సూచిక కూడా ఎక్కడికక్కడ గ్రంథాలయాలు తమ వద్ద ఏ సంపుటం ఉన్నదో, ఏది లేదో వివరాలు ఇస్తేనే తయారైంది.